ఆర్టికల్ 5 చదవడం నేర్చుకుందాం, 4వ పాఠం: 34 దగ్గర జారిపడ్డవాళ్ళ కోసం

ఆర్టికల్ 5 అంటే అమెరికా రాజ్యాంగాన్ని ఎలా సవరించాలో చెప్పే భాగం, సవరణలు ప్రతిపాదించడానికి అందులో చెప్పిన మీటింగే కన్వెన్షన్. ఇవాళ ఆ కన్వెన్షన్‌లో ఓటింగ్ సంగతి చెప్దామనుకున్నా. పోయినసారి అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక దాన్ని పక్కన పెట్టేశా. సగానికి పైగా జనం "34 రాష్ట్రాలు అడిగితే అమెరికా రాజ్యాంగం మారిపోతుంది" అని రాశారు. మారదండీ బాబూ, 34 అడిగితే జరిగేది ఒక మీటింగు, అంతే. తప్పు నాది కూడా ఉందిలెండి, 34నీ 38నీ ఒకే పేరాలో పడేసి పరిగెత్తా.

నేనైతే ఇలాంటి వాక్యం చదివేటప్పుడు అంకెలు అస్సలు చూడను, పెన్సిల్ తీసుకుని క్రియల కింద గీతలు కొడతా. ఆర్టికల్ 5 మొత్తం ఒకటే వాక్యం, చాంతాడంత. అందులో మనకి కావాల్సినవి నాలుగే: అడగడం, పిలవడం, ప్రతిపాదించడం, ఆమోదించడం. అడిగేవి రాష్ట్రాల శాసనసభలు, మూడింట రెండొంతులు, అంటే 50లో 34. పిలవాల్సింది కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు. ప్రతిపాదించేది ఆ కన్వెన్షన్, లేదా రెండు సభల్లో మూడింట రెండొంతుల ఓటుతో కాంగ్రెస్సే. ఆమోదించడానికి నాలుగింట మూడొంతులు, అంటే 38 రాష్ట్రాలు. ఇప్పుడు ఏ అంకె ఏ క్రియకి తగిలించి ఉందో చూడండి, గొడవే లేదు. ఇప్పటిదాకా వచ్చిన 27 సవరణలూ కాంగ్రెస్ ప్రతిపాదించినవే, కన్వెన్షన్ దారిలో ఒక్కటీ రాలేదు.

ఇక్కడ ఒకాయన "1933లో కన్వెన్షన్‌తోనే కదా మద్యనిషేధం ఎత్తేశారు" అని పట్టుబట్టారు. మంచి ప్రశ్నే, కానీ అది నాలుగో క్రియ దగ్గర కన్వెన్షన్. 21వ సవరణని ప్రతిపాదించింది కాంగ్రెస్, ఆమోదించడానికి మాత్రం శాసనసభలకి బదులు రాష్ట్రాల్లో విడిగా కన్వెన్షన్లు పెట్టించారు. పేరు ఒకటే, పని వేరు.

సరే, నాకు ఒళ్ళు మండే విషయానికొద్దాం. లెక్కబెట్టడం. "ఇన్ని రాష్ట్రాలు ఇప్పటికే అడిగేశాయి" అని ఎవరైనా అంటే ఆగి అడగండి: దేని గురించి అడిగాయి? 1789లో న్యూయార్క్ పెట్టుకున్న దరఖాస్తు ఫలానా సవరణ కోసం అని కాదు, మొత్తంగా కన్వెన్షన్ కావాలని. 2014లో కాలిఫోర్నియా అడిగింది ఎన్నికల్లో డబ్బు గురించి, 2023లో అదే కాలిఫోర్నియా అడిగింది తుపాకుల గురించి. బడ్జెట్ లోటు ఉండకూడదనే సవరణ కోసం 1983 నాటికి 32 రాష్ట్రాలు అడిగాయి, ఇంకో రెండు చాలు అన్నంత దగ్గరకొచ్చి ఆగిపోయింది, తర్వాత కొన్ని రాష్ట్రాలు మా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాం అన్నాయి. 2014లో మిషిగన్ అడిగినప్పుడు కొంతమంది 34 అయిపోయిందని లెక్కతేల్చారు, ఎలాగంటే ఆ వెనక్కి తీసుకున్నవాటిని కూడా కలిపేసి. ఇంకొందరైతే 1789 నాటి న్యూయార్క్‌ది లాంటి పాతకాలం దరఖాస్తుల్ని కూడా ఇందులో కలపొచ్చంటారు. ఇచ్చిన దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చా, వేరేవేరే విషయాల్ని కలిపి కూడొచ్చా, వాక్యంలో ఒక్క ముక్క లేదు, సుప్రీంకోర్టూ తేల్చలేదు. కాబట్టి మొత్తం ఒక్కటే చెప్పి విషయాలు విడగొట్టని లెక్క ఏ పక్షం వాళ్ళు చూపించినా నేను పక్కన పడేస్తా, మీ ఇష్టం మీది.

1787 వాదన అందరికీ తెలిసిందే, క్లుప్తంగా కానిస్తా. అప్పటి 13 రాష్ట్రాల మధ్య ఉన్న ఒప్పందాన్ని సవరించడానికే అని చెప్పి ఫిలడెల్ఫియాలో కూర్చోబెడితే కొత్త రాజ్యాంగమే రాసుకొచ్చారు, కాబట్టి కన్వెన్షన్ చేయిదాటిపోతుంది అని ఒక పక్షం భయం. ఏం రాసుకొచ్చినా 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలిగా అని రెండో పక్షం. దానికి మొదటివాళ్ళు, అప్పుడు ఆమోదం రూలు కూడా మార్చేశారు, 13కి 13 కావాల్సింది 9 చాలన్నారు అంటారు. గట్టి దెబ్బే, ఒప్పుకోవాలి. పార్టీని చూసి ఎవరు ఎటో మాత్రం ఊహించకండి, కన్వెన్షన్ వద్దనేవాళ్ళలో కుడివైపు జాన్ బర్చ్ సొసైటీ అనే సంస్థ ఉంది, అటు ఎడమవైపు మొగ్గే కామన్ కాజ్ అనే సంస్థ కూడా ఉంది.

అభ్యాసం మర్చిపోయేవాణ్ణి. ఈసారి కొంచెం కష్టమే. నెబ్రాస్కా శాసనసభకి ఒకటే సభ, మిగతా 49 రాష్ట్రాలకి రెండేసి, మొత్తం 99. శాసనసభల దారిలో ఒక సవరణని ఆపడానికి తక్కువలో తక్కువ ఎన్ని సభలు కాదంటే చాలు? నెగ్గడానికి తక్కువలో తక్కువ ఎన్ని సభలు అవుననాలి? రెండోదానికి 76 అని రాసి పంపకండి, నెబ్రాస్కా గురించి ఊరికే చెప్పలేదు. ఆ రెండంకెలూ వచ్చాక, కన్వెన్షన్ కావాలనేవాళ్ళ తరఫున ఒక పేరా, వద్దనేవాళ్ళ తరఫున ఒక పేరా, రెండిట్లోనూ అవే అంకెలు వాడి రాయండి. వచ్చేసారి ఓటింగ్, ఈలోపు ఎవరూ 34 దగ్గర మళ్ళీ జారకపోతే.