గృహప్రవేశం రోజు రాయకండి, మే నెల దాకా ఆగండి

హనుమకొండలో చిన్న ఆఫీసు పెట్టుకుని ఇళ్లు గీస్తాను, ఇళ్ల గురించి తెలుగులో రాస్తాను. ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఫోన్ చేసి "సార్, నాకూ డిజైన్ గురించి రాయాలని ఉంది, ఎట్లా మొదలుపెట్టాలి" అని అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా.

డిగ్రీ సంగతి త్వరగా ముగిద్దాం. బీఆర్క్ ఐదేళ్లు. ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా రాయాలి, ఎన్‌ఐటీలూ ఎస్‌పీఏలూ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) కావాలంటే జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ రాయాలి. చదువు అయ్యాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 1972 చట్టం ప్రకారం అది లేకుండా పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని పెట్టుకోకూడదు. ఆ మాట బోర్డు మీద రాసుకోకూడదని అందరికీ తెలుసు గానీ, వ్యాసం కింద రాసుకోవడం కూడా అంతే అని చాలామందికి తట్టదు.

డబ్బుల సంగతి ఇంకా త్వరగా. రాత మీద ఇల్లు గడవదు. కనీసం మూడు నాలుగేళ్లు ఎవరి దగ్గరైనా పనిచేసి, వందసార్లు సైటుకు తిరిగి, సెంట్రింగ్ వాడితో ఒక్కసారైనా గొడవపడి, ఆ తర్వాత రాతలోకి దిగండి. అప్పటిదాకా రాయొద్దని కాదు, నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఆ నోట్‌బుక్కే అసలు పెట్టుబడి. నాది రూల్స్ ఉన్న మామూలు లాంగ్ నోట్‌బుక్. సైటుకు వెళ్లిన ప్రతిసారీ తేదీ, ఆ రోజు జరిగిన పని, కనీసం రెండు కొలతలు, సుతారి, అంటే తాపీమేస్త్రి, అన్న ఒక మాట రాసుకుంటాను. ఆ చివరిది చాలా ముఖ్యం. ఒకసారి కాంపౌండ్ గోడకు ర్యాట్ ట్రాప్ బాండ్ కట్టిద్దామనుకున్నాం. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, గోడ మధ్యలో బోలు వదిలే పద్ధతి అది, ఇటుక దాదాపు పాతిక శాతం మిగులుతుంది. మా సుతారి కాసేపు చూసి "సార్, గీ బొందలల్ల ఎలుకలు దూరుతయి" అన్నాడు. ఆ పద్ధతికి ఇంగ్లీషులో ఉన్న పేరే ఎలుకల బోను అని చెప్తే అరగంట నవ్వాడు, కానీ పై వరసా చివరలూ గట్టిగా మూయించేదాకా పని మొదలుపెట్టలేదు. నేను గోడ గురించి రాసినప్పుడు జనానికి గుర్తున్నది పాతిక శాతం కాదు, ఆ ఎలుకలే. ఆ మాట ఆ రోజే రాసుకోకపోతే నాకూ గుర్తుండేది కాదు.

ఇక టైటిల్లో చెప్పిన సంగతి. ఎనిమిదేళ్ల కింద 200 గజాల ప్లాటులో, అంటే 1800 చదరపు అడుగుల్లో, ఒక ఇల్లు గీశాను. హాలుకు పడమర వైపు గోడంతా అద్దమే. గృహప్రవేశం ఫిబ్రవరిలో. సాయంత్రం ఎండ నేల మీద పడుతున్న ఫోటోలు తీసి, వెలుగు గురించి పొడుగాటి వ్యాసం ఒకటి రాసేశాను, బాగా మెచ్చుకున్నారు. మే నెలలో మళ్లీ వెళ్లాను, ఇల్లు చూడ్డానికి కాదు, రావాల్సిన బాకీ కోసం. అద్దానికి బయట నుంచి తడిపిన గోనెసంచులు కట్టి ఉన్నాయి. ఆ ఇంటి పెద్దామె నన్ను కూర్చోబెట్టి చల్ల ఇచ్చి, "ఏం బిడ్డా, గీ అద్దం ఎవలి కోసం పెట్టినవ్? పగటీలి అయితే మేం వంటింట్లకు పోయి కూసుంటున్నం" అంది. బాకీ అడగలేక వచ్చేశాను.

అక్కడ తప్పు ఏమిటంటే, దక్షిణం నుంచి వచ్చే ఎండ మధ్యాహ్నం పైనుంచి పడుతుంది కాబట్టి కిటికీ మీద సజ్జ ఆపుతుంది. పడమటి ఎండ అలా కాదు, కిందికి వాలి అడ్డంగా లోపలికి దూరుతుంది, దానికి రెండున్నర అడుగుల సజ్జ వేసినా, నాలుగడుగులది వేసినా పెద్ద తేడా ఉండదు, నిలువుగా ఏదైనా అడ్డం ఉండాలి. చివరికి అద్దానికి మూడడుగుల దూరంలో ఇటుక జాలీ గోడ కట్టించి, దాని మీదికి తీగ పాకించాం, జాలీ ఖర్చు నేను పెట్టుకున్నాను. ఈ మొత్తం కథ, గోనెసంచుల ఫోటోతో సహా, ఆ ఇంటివాళ్లను అడిగే రాశాను. మొదటి వ్యాసం చదివి ఎవరూ పని ఇవ్వలేదు. రెండోది చదివి ఇద్దరు వచ్చారు. అప్పటినుంచి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవకుండా నేను గీసిన ఏ ఇంటి గురించీ రాయట్లేదు.

మరి కట్టిన ఇళ్లు ఇంకా లేనివాళ్లు దేని గురించి రాయాలి? కొలవండి. వరంగల్ పాత బస్తీల్లో, చుట్టుపక్కల ఊళ్లల్లో భవంతి ఇళ్లు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి, కోస్తా వైపు మండువా అంటారు కదా, అవే. ఇంటివాళ్లను అడిగి, 30 మీటర్ల టేపు పట్టుకుని, ఇంకో మనిషిని తోడు తీసుకుని ఒక ఆదివారం వెళ్లండి. నడిమి వాకిలి ఎంత వెడల్పు, దూలం ఎంత మందం, గూనపెంక కింద మనిషి నిలబడితే తలకు ఎంత ఖాళీ, అర్రకు దర్వాజ ఎంత ఎత్తు. పేరున్న ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా 1930లో పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే, హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఆఫీసు గీసింది ఆయనే. ఆకాశానికి తెరిచి ఉన్న చోటు గురించి ఆయన జీవితమంతా గీశాడు, రాశాడు. అది చదివి మురిసిపోయే మనం, అమ్మమ్మ వాళ్ల భవంతిని కూలగొడుతుంటే టేపు కూడా పెట్టి చూడం.

గుళ్ల గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త. రామప్ప అనగానే నీళ్లలో తేలే ఇటుకలు, అబ్బురం, అద్భుతం అని వంద మంది రాసేశారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడనీ, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందనీ అందరికీ తెలుసు. ఆర్కిటెక్ట్ రాయాల్సింది ఆ ఇటుక అంత తేలిగ్గా ఎందుకు ఉండాలని. పునాది కింద ఇసుక నింపారు, గుడి రాతిది, దాని నెత్తిన విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, కూడా రాతితోనే లేపితే కిందికి ఎంత బరువు దిగుతుందో లెక్కేయండి. అందుకే పైన తేలిక ఇటుక వాడారు. ఇక్కడ ఒక సెక్షన్ బొమ్మ చేత్తో గీసి పెట్టండి. మామూలు జనానికి ప్లాన్ అర్థం కాదు గానీ, పుచ్చకాయ కోసినట్టు గుడిని నిలువునా కోసి చూపిస్తే పదేళ్ల పిల్లవాడికీ అర్థమవుతుంది. కేరళలో పనిచేసిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ తక్కువ ఖర్చు ఇళ్ల గురించి వేసిన చిన్న పుస్తకాల్లో సగం పని ఆయన చేతి బొమ్మలే చేశాయి.

వేయి స్తంభాల గుడి దగ్గర స్థలం ఉన్నవాళ్లకు పనికొచ్చే అంశం ఇంకొకటి ఉంది. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడాలకు అనుమతి ఉండదు, ఆ తర్వాత 200 మీటర్లలో ముందుగా ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తెచ్చుకోవాలి. స్థలం కొన్నాక ఇది తెలిసి నెత్తి కొట్టుకున్నవాళ్లను చూశాను. దీని మీద తెలుగులో ఒక మంచి వ్యాసం రాస్తే శిల్పాల మీద పది వ్యాసాల కంటే ఎక్కువమంది చదువుతారు.

భాష విషయానికొస్తే, కాలేజీ జ్యూరీలో, అంటే మన డిజైన్‌ను పరీక్షించేవాళ్ల ముందు, మాట్లాడే ఇంగ్లీషును తెలుగు లిపిలోకి దించకండి. స్లాబ్, పిల్లర్, వెంటిలేషన్ పర్వాలేదు, అందరూ అనేవే. "స్పేస్ డైలాగ్ చేస్తుంది" లాంటివి వద్దు. నేను రాసింది ముందు మా అమ్మకు చదివి వినిపిస్తాను, ఆమె మధ్యలో లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయిన చోట రెండు పేరాలు కొట్టేస్తాను.

రెండు జాగ్రత్తలు. ఆర్కిటెక్టులు తమ పనిని అడ్వర్టైజ్ చేసుకోవడం మీద 1989 నాటి వృత్తి నియమావళిలో ఆంక్షలున్నాయి, కాబట్టి వ్యాసం చివర "సంప్రదించండి" అని ఫోన్ నంబర్ పెట్టకండి. టైల్స్ షోరూం వాళ్లు మీ రాతలు చూసి తప్పకుండా ఫోన్ చేస్తారు, మా బ్రాండ్ పేరు ఒక్కసారి రాయండి సార్ అంటారు. టీ తాగి వచ్చేయండి, టైల్స్ తీసుకోకండి.

మొదటి వ్యాసానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మీ ఇంటి వంటగదిలో గంటసేపు కూర్చోండి. కిటికీ ఎటు ఉంది, గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతోంది, గట్టు ఎత్తు మీ అమ్మ మోచేతికి ఎంత కిందికి ఉంది, గ్యాస్ సిలిండర్ మార్చడానికి ఎన్ని వస్తువులు జరపాల్సి వస్తోంది, కొలిచి రాసుకోండి. రాసింది అమ్మకు చూపించండి. తప్పులుంటే ఆమె చెప్తుంది.