పాత డి750 ఉంచాలా, అమ్మాలా?

నేను ఫోటోలు తీసిన ఒక పెళ్ళి అయిన మూడు వారాలకు ఆల్బమ్ డిజైన్ చేసే అబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కా, వీళ్ళు తాళి కట్టకముందే తలంబ్రాలు పోసుకున్నారా?" అని అడిగాడు.

పోసుకోలేదు. ఆ రోజు నా చేతిలో కొత్త నికాన్ జెడ్6 టూ కెమెరా, భుజానికి పాత నికాన్ డి750 ఉన్నాయి. పాతదాని గడియారం 11 నిమిషాలు వెనకబడి ఉంది. రెండు కార్డుల ఫోటోలను సమయం ప్రకారం పేర్చేసరికి తలంబ్రాల పళ్ళెం మంగళసూత్రం కంటే ముందుకు వచ్చి కూర్చుంది. ఆ రాత్రే దాన్ని అమ్మేయాలనుకున్నాను. అమ్మే ముందు ఒక్కసారి లెక్క చూద్దామని కూర్చున్నాను. కొత్త కెమెరా కొని, పాతదాన్ని ఏం చేయాలో తేలక చూస్తున్నవాళ్ళకు ఆ లెక్క పనికొస్తుంది.

మొదట ఆ పాత కెమెరాకు ఉద్యోగం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "ఎందుకైనా మంచిది, ఉండనీ" అనేది ఉద్యోగం కాదు. నా విషయంలో ఆ వాక్యం ఇది: జీలకర్ర బెల్లం వేళ లెన్సు మార్చే పని లేకుండా, ముఖాలను దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్సును పట్టుకుని ఉండాలి. అడ్డుతెర దించిన తర్వాత ఆ ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకునేది కొన్ని సెకన్లు. మండపం మొత్తం కనిపించే ఫోటో కావాలి, ఆ కళ్ళూ కావాలి. అప్పుడు లెన్సు విప్పితే చూపు ఎలాగూ దాటిపోతుంది, దానికి తోడు పైనుంచి అక్షింతలు పడుతుంటాయి. ఒకసారి తొందరపడి విప్పాను. ఇంటికి వచ్చాక లోపల బొమ్మను పట్టే సెన్సరు మీద పసుపు అంటిన నూక గింజ కనిపించింది. ఇక ముహూర్తానికి ఒక్క బాడీతో, అంటే ఒక్క కెమెరాతో, వెళ్ళకూడదని అప్పుడే అనుకున్నాను.

ఉద్యోగం తేలాక, ఆ రెండూ ఒక సంచిలో కాపురం చేయగలవా అన్నది చూడాలి. అందరూ మెగాపిక్సెళ్ళ దగ్గర ఆగిపోతారు. అసలు చూడాల్సింది బ్యాటరీ. డి750 2014లో వచ్చింది, జెడ్6 టూ 2020లో వచ్చింది. అయినా రెండింటిదీ ఈఎన్-ఈఎల్15 కుటుంబమే. కొత్త 15సి రకం పాతదానిలోనూ పనిచేస్తుంది, పాత చార్జరుతోనూ ఎక్కుతుంది. పాత బ్యాటరీ కొత్తదానిలో నడుస్తుంది గానీ, కెమెరాలో ఉంచి కేబుల్‌తో చార్జ్ చేయడం కుదరదు. ఎస్‌డీ కార్డులు రెండింటికీ సరిపోతాయి, ఫ్లాష్ కూడా. పైగా డి750 ఒక్క చార్జ్‌తో సుమారు 1,230 ఫోటోలు తీస్తుందని నికాన్ లెక్క. అదే కొలతలో జెడ్6 టూ వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూస్తూ తీస్తే వచ్చేది 340. తెల్లవారుజామున మూడింటి ముహూర్తానికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

మరో సంగతి, నా నిర్ణయాన్ని దాదాపు ఇదే తేల్చింది. నా 85 ఎంఎం పాత డి రకం లెన్సు, దానికి ఫోకస్ తిప్పే సొంత మోటారు లేదు. ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో జెడ్ కెమెరాకు తగిలిస్తే చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. డి750 బాడీలో మోటారు ఉంది కాబట్టి చకచకా తిప్పేస్తుంది. పాత బాడీని అమ్మడమంటే ఆ లెన్సునూ అమ్మి, దాని స్థానంలో కొత్తది కొనడం.

ఇదే ప్రశ్న మా చిన్నమ్మ కొడుకు అడిగితే అమ్మేయమన్నాను. వాడిది డి5300, కొన్నది జెడ్6 టూనే. వాడి పాతదానికి బ్యాటరీ వేరు, కార్డు పెట్టే చోటు ఒక్కటే, బాడీలో మోటారు లేదు. దాని లెన్సులు చిన్న సెన్సరు కోసం చేసిన డీఎక్స్ రకం కాబట్టి కొత్తదానికి తగిలిస్తే మిగిలేది దాదాపు 10 మెగాపిక్సెళ్ళు. రెండు చార్జర్లు, రెండు రకాల లెన్సులు మోసుకుంటూ తిరగడం బరువే తప్ప భరోసా కాదు.

తర్వాత ఆరోగ్య పరీక్ష. నికాన్ అయితే ఒక జేపెగ్ తీసి కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంతో తెరవండి, షట్టర్ ఎన్నిసార్లు కొట్టుకుందో కనిపిస్తుంది. నాది 1,38,000 చూపించింది. డి750 షట్టరును 1,50,000 సార్ల వరకు పరీక్షించామని కంపెనీ చెబుతుంది. దాటిన మరునాడే ఆగిపోతుందని దాని అర్థం కాదు, కానీ ముహూర్తానికి అదొక్కటే పట్టుకుని వెళ్ళకూడదని మాత్రం అర్థం. మెనూలో బ్యాటరీ సమాచారం దగ్గర వయసు 0 నుంచి 4 వరకు ఉంటుంది. 4 చూపిస్తే ఆ బ్యాటరీ ముసలిదైపోయినట్టే. లెన్సు రంధ్రాన్ని ఎఫ్16కి చిన్నది చేసి తెల్ల గోడను తీస్తే సెన్సరు మీది మచ్చలన్నీ బయటపడతాయి. పట్టు దగ్గర రబ్బరు ఉబ్బి ఊడిపోతుంటే అతికించుకోవచ్చు, దానికి భయపడనక్కరలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఫోకస్. నడిచి వచ్చే మనిషిని, రంధ్రం పెద్దగా తెరిచిన ఎఫ్2లో 50 సార్లు తీసి, కళ్ళు పదునుగా ఉన్నవి లెక్కపెట్టండి. మా మేనకోడలు వీధిలో అటూ ఇటూ నడిచింది, నాకు 31 వచ్చాయి. డి750లో 51 ఫోకస్ పాయింట్లూ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి, జెడ్6 టూలా కళ్ళను వెతికి పట్టుకోవడం దానికి రాదు. అందుకే ఎదురుకోలులో దాన్ని బయటికి తీయను. పీటల మీద కూర్చున్నవాళ్ళకు చాలు. కెమెరా లోపలి అద్దం లేచే చప్పుడు మాత్రం ఉంటుంది. మంత్రం మధ్యలో పంతులుగారు నావైపు తిరిగి చూసిన సందర్భాలున్నాయి.

డబ్బు లెక్క చిన్నదే. దుకాణంలో 27,000 ఇస్తామన్నారు. మా భీమవరంలో బాడీ అద్దె నాకు రోజుకు 1,500 పడుతుంది. పోయిన ఏడాది రెండో బాడీ 22 రోజులు వాడాను, అంటే 33,000. ఉంచుకోవడమే నయం. ఏడాదికి నాలుగు పెళ్ళిళ్ళు తీసేవాళ్ళయితే అమ్మేసి, కావాల్సిన రోజున అద్దెకు తెచ్చుకోండి. వీడియో కూడా తీయాలనుకుంటే ఆలోచించే పనే లేదు. డి750కి 4కె రాదు, అమ్మేయండి.

ఉంచుకుంటే రెండు అలవాట్లు తప్పవు. మొదటిది రంగు. కాంతికి తగ్గట్టు రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలితే ఒకే పెళ్ళికూతురి బుగ్గల పసుపు రెండు కెమెరాల్లో రెండు రంగుల్లో వస్తుంది. మండపం దీపాలు వెలిగాక రెండింటికీ ఒకే కెల్విన్ అంకె (కాంతి రంగుకు కొలత) పెట్టి, రెండింటితోనూ బూడిదరంగు కార్డును తీసి, అప్పుడు పని మొదలుపెడతాను.

రెండోది గడియారం. కెమెరా గడియారం చేతి గడియారమంత కచ్చితంగా నడవదు. పైగా బ్యాటరీ తీసి నెలల తరబడి బీరువాలో పెడితే లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ కూడా దిగిపోతుంది. ఆషాఢంలో మాకు పెళ్ళిళ్ళు ఉండవు, అప్పుడే వానలు, లెన్సులకు ఫంగస్ పట్టే కాలమూ అదే. అందుకని డి750ని సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టి, ఆదివారం ఆదివారం బయటికి తీసి, మా వీధినే ఓ 20 ఫోటోలు తీస్తాను. శ్రావణంలో మొదటి ముహూర్తానికి ముందురోజు రాత్రి రెండు కెమెరాల్లోనూ సమయం సరిచేసి, ఫోన్‌లోని గడియారాన్ని రెండింటితోనూ ఒక్కో ఫోటో తీస్తాను. తేడా ఎంతో తర్వాత తెలియాలంటే ఫోటోలో సెకన్లు కూడా కనిపించాలి.