ఇంట్లో చేసుకునే క్రీములకు సరిపడే ప్రిజర్వేటివ్‌ను ఎంచుకోవడం ఎలా?

విజయవాడ, గుంటూరు ప్రాంతాల ఎండా, ఆ వెంటనే వచ్చే వానాకాలపు ఉక్కా బూజుకూ బ్యాక్టీరియాకూ బాగా కలిసివస్తాయి కనుక, నీళ్లు చేరిన క్రీమును గాని, కలబంద జెల్‌ను గాని, పన్నీరు టోనరును గాని ఇంట్లో చేసి నిల్వ ఉంచదలచినవారు ప్రిజర్వేటివ్, అంటే సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థం, కలపవలసిందే. కొబ్బరినూనె, తేనెమైనం మాత్రమే వేసి చేసిన లేపనానికి, తడి తగలనంత కాలం, అది అక్కరలేదు. విటమిన్ ఇ నూనె చెడువాసన పట్టడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప సూక్ష్మజీవులను ఆపదు.

ఏది మంచిదని అడిగే ముందు మన మిశ్రమం పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ఎంతో పీహెచ్ కాగితంతో చూసుకోవాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్‌లో పనిచేసేది, సూక్ష్మజీవి కణంలోకి చొచ్చుకుపోగలిగేది బెంజోయిక్ ఆమ్ల రూపమే, పీహెచ్ 4.2 దగ్గర అది సగం ఉంటుంది, 5 దగ్గర సుమారు ఏడో వంతుకు పడిపోతుంది, 6 దగ్గర నూటికి రెండు పాళ్లు కూడా మిగలదు. అందువల్ల క్షారగుణమున్న సబ్బు ద్రావణంలో దానిని ఎంత వేసినా వృథాయే. అలాంటిదే మరో ప్రిజర్వేటివ్ అయిన పొటాషియం సార్బేట్‌కు కాస్త వెసులుబాటు ఉన్నా, దానికీ పులుపు కావాలి. ఈ లవణాలు వేశాక పీహెచ్ కొంచెం పెరుగుతుంది కాబట్టి మళ్లీ కొలిచి, నీళ్లలో కరిగించిన నిమ్మ ఉప్పుతో సరిచేయాలి. విటమిన్ సి ఉన్న సీరమ్‌లో మాత్రం బెంజోయేట్ వద్దు, ఎందుకంటే లోహపు జాడలుంటే ఆ రెండూ కలిసి కొద్దిపాటి బెంజీన్ పుట్టవచ్చు.

కార్బోమర్ (నీటిని చిక్కబరిచే పొడి) వేసి చేసిన జెల్‌లో ఈ లవణాలు వేస్తే చిక్కదనం పోయి నీళ్లలా జారిపోతుంది. దానికి ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సిల్‌గ్లిజరిన్ కలిసిన ప్రిజర్వేటివ్ మిశ్రమం నయం. ఫినాక్సీఇథనాల్ ఒక్కటే అయితే బూజును అంత గట్టిగా ఆపదు, పైగా యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం 1 శాతం దాటకూడదు. నూనెనూ నీటినీ కలిపి ఉంచే పాలిసార్బేట్ 80 ఎక్కువగా ఉన్న క్రీములో పారాబెన్లు అనే ప్రిజర్వేటివ్‌లు దానికే అంటుకుపోయి బలహీనపడతాయి. బెంజాల్కోనియం క్లోరైడ్ వంటి ధనావేశ ప్రిజర్వేటివ్‌ను షాంపూలలో నురగ తెప్పించే రుణావేశ పదార్థమైన ఎస్‌ఎల్‌ఎస్‌ (సోడియం లారిల్ సల్ఫేట్)తో కలపకూడదు; విరుద్ధ ఆవేశాలు ఒకదానినొకటి పట్టుకుని, రెండూ పని మానేస్తాయి.

ముల్తానీ మట్టి ప్రిజర్వేటివ్‌ను తనలోకి పీల్చుకుంటుంది, తనతో సూక్ష్మజీవులను కూడా తెస్తుంది. దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డు నుంచి వచ్చిన మేలైన పసుపైనా, ఇంట్లో పట్టించిన శనగపిండైనా అంతే. వీటిని పొడిగానే దాచి, వాడే పూట తడపడం ఉత్తమం.

100 గ్రాముల క్రీముకు 1 శాతం అంటే 1 గ్రామే కనుక చెంచా కొలత పనికిరాదు, 0.01 గ్రామును చూపించే త్రాసు కావాలి. వేడికి చెడే రకాలను మిశ్రమం 40 డిగ్రీల లోపు చల్లారాకే కలపండి. వాసన, రంగు మారిన సీసాను పారబోయండి. ఏ మార్పూ కనబడకపోయినా లోపల బ్యాక్టీరియా ఉండవచ్చు కాబట్టి కొద్దికొద్దిగా చేసుకోండి, ల్యాబ్ పరీక్ష జరగని క్రీమును కంటి దగ్గర గాని, పసిపిల్లలకు గాని, పుండు మీద గాని రాయకండి.