కారు బేరంలో నెల వాయిదా మాట ఎత్తకండి

షోరూమ్‌లో "నెలకి ఎంత కట్టగలరు?" అని అడిగితే జవాబు చెప్పకండి. వాయిదా తగ్గించి చూపడం వాళ్లకి చాలా తేలిక. 5 ఏళ్ల అప్పుని 7 ఏళ్లకి సాగదీస్తే 60 వాయిదాలు కాస్తా 84 అవుతాయి. కారు ధర దిగదు, వడ్డీ మాత్రం పెరుగుతుంది. పన్నులు, రిజిస్ట్రేషన్, బీమా, యాక్సెసరీలు అన్నీ కలిపి చివరికి ఎంతవుతుందో విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. అదే మోడల్‌కి ఇంకో డీలర్ దగ్గరా అలాగే తీసుకోండి, ఎవరు ఎక్కడ కలిపారో ఇట్టే బయటపడుతుంది. బేరానికి ఆ రెండో కాగితాన్ని మించిన బలం లేదని నా నమ్మకం. పాత కారు ఇచ్చే ఉద్దేశం ఉంటే, కొత్తదాని ధర తేలాకే చెప్పండి. లేదంటే ఇక్కడ తగ్గించింది అక్కడ లాగేస్తారు. బీమా బయట కూడా అడిగి చూడండి.