పెద్ద ఊరి పక్కనున్న ఊరిని అంచనా వేయడం ఎలా: గుంటూరు, విజయవాడ మధ్య తిరిగేవాడి మాట

బ్యాంకు వాళ్ళకో, సచివాలయం ఉద్యోగులకో ఇటువైపు బదిలీ అయితే నాకొచ్చే ఫోన్లలో మొదటి ప్రశ్న ఒకటే. "కాపురం విజయవాడలో పెట్టమంటారా, గుంటూరులోనా?" నేను మెడికల్ రెప్‌ని. పుట్టింది సత్తెనపల్లి దగ్గర, ఉండేది గుంటూరు. వారంలో సగం రోజులు విజయవాడ, తెనాలి క్లినిక్‌ల ముందు బ్యాగు పట్టుకుని నిలబడతాను. డాక్టరుగారు లోపలికి పిలిచేదాకా చేసేదేమీ ఉండదు కనుక పక్కనున్న వాళ్ళ మాటలు వింటుంటాను. అడిగినవాళ్ళకి ఫలానా ఊరని చెప్పను. ఎలా చూడాలో చెబుతాను, తేల్చుకోవడం వాళ్ళ పని.

ముందుగా, ఊరి గురించి చెబుతున్నది ఎవరో చూడండి. బెజవాడ వాళ్ళని గుంటూరు ఎలా ఉంటుందని అడిగితే "ఏముంది బాబాయ్ అక్కడ, ఆస్పత్రులూ మిరపకాయలూ తప్ప" అంటారు. గుంటూరు వాళ్ళు విజయవాడ పేరెత్తగానే ఎండ, ఉక్కపోత, ట్రాఫిక్, రౌడీలు అంటూ ఏకరువు పెడతారు. తెనాలి వాళ్ళకి ఇద్దరూ ఆనరు, వాళ్ళది ఆంధ్రా ప్యారిస్ కదా. అదే మాచర్ల, వినుకొండ వైపు మనిషిని అడిగి చూడండి. గుంటూరు అంటే వైద్యం, కోర్టు పని, పిల్లల చదువు, పంట అమ్మిన డబ్బు. పొరుగునున్న పెద్ద ఊరివాళ్ళ మాటలో సగం ఎకసెక్కమే ఉంటుంది. వెనకున్న పల్లెలవాళ్ళు ఆ ఊళ్ళో సొంత డబ్బు ఖర్చుపెడతారు కాబట్టి వాళ్ళ మాటకి నేను ఎక్కువ విలువిస్తాను. విజయవాడకి రౌడీల ఊరన్న పేరు డెబ్బైలు, ఎనభైల నాటి ముఠా కక్షలతో వచ్చింది, దాన్ని సినిమాలు ఇంకా మోస్తున్నాయి. రాత్రి పొద్దుపోయాక బెంజి సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడితే నా జోలికొచ్చింది దోమలే.

రెండోది, ఏ ఊరికి ఏ ఆఫీసు ఎప్పుడొచ్చిందో తెలుసుకోండి. ఇది చరిత్ర పాఠంలా అనిపిస్తుంది గానీ ఊరి నడత సగం ఇక్కడే దొరుకుతుంది. గుంటూరు 1866లోనే మునిసిపాలిటీ, విజయవాడ 1888లో అయింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచీ ఇక్కడ కలెక్టరాఫీసు ఉంది. కృష్ణా జిల్లాకి కేంద్రం మచిలీపట్నం. విజయవాడ ఎంత పెరిగినా జిల్లా కేంద్రం అయింది 2022లో, ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాకే. ఆంధ్ర రాష్ట్రం ఉన్న కొద్దికాలంలో రాజధాని కర్నూలైతే హైకోర్టు గుంటూరులో నడిచింది. మెడికల్ కాలేజీ 1946 నాటిది. అందుకే గుంటూరులో పాత కుటుంబాలంటే ప్లీడర్లు, డాక్టర్లు, లెక్చరర్లు. విజయవాడ దారి వేరు. ఆనకట్ట వచ్చి కాలవలు పారాయి, 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడింది, 1899లో మద్రాసు లైను కలిసింది. సరుకు దిగేది, ఎక్కేది అక్కడే. ఆటోనగర్ లారీ షెడ్లు, వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లు, గాంధీనగర్ సినిమా ఆఫీసులు అలా లేచినవే. 2011 లెక్కల్లో విజయవాడ జనాభా పది లక్షలు దాటింది, గుంటూరుది ఆరున్నర లక్షల దగ్గర ఉంది. ఆ అంకె చూసి చిన్న ఊరని అనుకోవచ్చు గానీ విజయవాడ కింద ఉన్న ఊరని అనుకుంటే పొరపాటే.

ఇక అసలు పరీక్ష. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా గుంటూరు ఆర్టీసీ బస్టాండులో నిలబడండి. విజయవాడ నాన్‌స్టాప్ దగ్గర లాప్‌టాప్ బ్యాగులు, కాలేజీ ఐడీ కార్డులు, షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళు కనిపిస్తారు. దాన్ని చూసి "ఊరు ఊరంతా విజయవాడకే పోతోంది" అనేసుకుంటారు చాలామంది. ఒక్క నిమిషం అటు తిరిగి నరసరావుపేట, మాచర్ల, చిలకలూరిపేట బస్సుల్లోంచి దిగేవాళ్ళని చూడండి. చంకలో ఎక్స్‌రే కవరు, చేతిలో క్యారియరు, వెనకాల నెమ్మదిగా నడిచే ముసలాయన, దిగగానే "కొత్తపేట వస్తావా?" అని ఆటోవాడితో బేరం. గవర్నమెంటు ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు వెళ్ళగా మిగిలినవాళ్ళు కొత్తపేట సందుల్లో సర్దుకుంటారు. అక్కడ మందుల షాపు, ల్యాబు, స్కానింగు, ఇడ్లీ బండి, పేషెంటు తాలూకు మనుషులు పడుకునే లాడ్జి పక్కపక్కనే ఉంటాయి. డాక్టరుగారు పదిన్నరకొస్తారని తెలిసినా ఆరింటికే టోకెను రాయించుకుంటారు. వీళ్ళల్లో చాలామంది విజయవాడ పోగలరు, పోరు. "ఇక్కడ మావాళ్ళు ఉన్నారు, ఈ డాక్టరుకి మా నాన్న కేసు కూడా తెలుసు" అంటారు. ఒక ఊరు పక్క ఊరికి తోకో కాదో తెలియాలంటే, దాన్ని దాటిపోయే వీలుండి కూడా అక్కడే దిగుతున్నవాళ్ళని చూడండి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వస్తే మిర్చి యార్డు కూడా చూడండి, జేబురుమాలు మరిచిపోకండి. గేటు ఇంకా దూరం ఉండగానే దగ్గు మొదలవుతుంది, అలవాటైన హమాలీలు మాత్రం ముక్కుకి గుడ్డ కూడా లేకుండా టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోస్తుంటారు. కొనేవాడు టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు, తొడిమ చూస్తాడు, ఒకటి విరిచి గింజ చూస్తాడు, తడి ఎంతుందో వేళ్ళతోనే తేల్చేస్తాడు. తేజ రకానికో ధర, 334 రకానికి ఇంకో ధర, రంగు పోయిన తాలు కాయలకి వేరే. పక్కన కమీషన్ ఏజెంటు, ఎదురుగా ముఖంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేని రైతు. ఆ వారం ధర బాగుంటే బంగారం కొట్లు, బట్టల షాపులు కళకళలాడతాయి, పడిపోతే నేను తిరిగే మందుల షాపుల్లో కూడా అరువులు పెరుగుతాయి. ఈ ఊరి నాడి చూడాలంటే విజయవాడ కాదు, పల్నాడు వర్షం చూడాలి.

అలాగని గుంటూరులో అన్నీ ఉన్నాయని చెప్పను. ఊరు దేనికోసం బయటికి పోతుందో కూడా రాసుకోండి. విమానానికి గన్నవరం పోవాలి, అంటే విజయవాడ దాటాలి. మద్రాసు మెయిన్ లైను తెనాలి మీదుగా పోతుంది, చాలా రైళ్ళకి గుంటూరు వాళ్ళు తెనాలికో విజయవాడకో పరిగెత్తాల్సిందే. పెళ్ళి పట్టుచీరలకి కారు కట్టించుకుని వారధి దాటే కుటుంబాలు నాకు బోలెడు తెలుసు. ఈ పనులు మీ ఇంట్లో నెలకి ఒకసారి వస్తాయా, వారానికి మూడుసార్లా? వారానికి మూడైతే విజయవాడలోనే ఉండండి, దారిలోనే బతుకు తెల్లారిపోకూడదు.

ఇల్లు చూసేటప్పుడు రెండు చోట్లా వేర్వేరు ప్రశ్నలు అడగాలి. విజయవాడలో ముందు అడగాల్సింది 2024 సెప్టెంబరులో ఆ వీధిలోకి నీళ్ళు వచ్చాయా అని. బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు జనం రోజుల తరబడి మేడల మీద ఉన్నారు. ఓనరు "రాలేదండీ" అంటే ఎదురింటివాళ్ళనీ అడగండి, గోడ మీద మరకా చూడండి. గుంటూరుకి ఆనుకుని నది లేదు. ఇక్కడి ప్రశ్న కుళాయి ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, బోరు నీళ్ళు తాగొచ్చా అని. అడ్రసు మాత్రం గుంటూరులో సుఖం. బ్రాడీపేట 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. దారి అడిగే పని లేదు.

తెనాలికి కూడా ఇదే కొలత పెట్టి చూడండి. విజయవాడ పక్కన గుంటూరు ఎలాగో గుంటూరు పక్కన తెనాలి అలాగ, అయినా ఒక పట్టాన లొంగదు. నాటకాలు, సాహిత్యం, విగ్రహాలు చేసే శిల్పుల వీధి, 1942లో రైల్వేస్టేషన్ దగ్గర కాల్పుల్లో పోయిన ఏడుగురి గుర్తుగా రణరంగ చౌక్, వీటన్నిటికీ గుంటూరుతో నిమిత్తం లేదు. కాలవ గట్టున సాయంత్రం కూర్చునే పెద్దాయనతో పది నిమిషాలు మాట్లాడితే ఆ సంగతి ఆయనే చెబుతాడు, మధ్యలో ఆపడమే కష్టం.

ఇంకొకటి, ఈ చూపులకి ఆదివారం రావద్దు. ఆ రోజు విజయవాడ రోడ్లు ఖాళీగా ఉండి ట్రాఫిక్కే లేదనిపిస్తుంది, గుంటూరులో క్లినిక్‌లు మూసి ఊరు పడుకున్నట్టుంటుంది. మిర్చి యార్డుకి శనివారం కూడా సెలవే. సోమవారం రద్దీ మరీ ఎక్కువ, లాడ్జిలో గది దొరకదు. మంగళవారమో బుధవారమో రండి, ఒక రాత్రి విజయవాడలో, ఒక రాత్రి గుంటూరులో పడుకోండి. వీలైతే మేలో రండి. ఆ ఎండలో కూడా నచ్చిన ఊరైతే అడ్వాన్సు ఇచ్చేయండి.