మీ పని మీద అభిప్రాయం అడిగితే అందరూ ‘బాగుంది’ అని తప్పించుకుంటున్నారా?

సమస్య: ఎవరిని అడిగినా ‘బాగుంది’ అంటారు, అంతకు మించి చెప్పరు

ముందు మీరు అడిగిన ప్రశ్నను చూసుకోండి. లోపం సాధారణంగా అక్కడే ఉంటుంది, చూసుకునేవారే కరువు. ‘ఎలా ఉంది?’ అంటే మర్యాద తెలిసినవారెవరైనా బాగుందనే అంటారు. చెడ్డ కబురు చెప్పడానికి మనుషులు వెనకాడతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోజెన్, టెస్సర్ 1970లోనే ప్రయోగాలతో చూపించారు. ఆ మొహమాటం పోగొట్టాల్సింది అడిగేవారే. ‘నా ప్రసంగంలో మీకు ఎక్కడ విసుగనిపించింది?’, ‘ఈ నివేదికలో ఒక పేరా తీసేయాలంటే ఏది తీస్తారు?’ అని అడగండి. లోపం ఉందని మీరే ఒప్పుకున్నారు కనుక చెప్పేవారికి జంకు తగ్గుతుంది.

సమస్య: మొదట్లో వివరంగా చెప్పినవారే ఇప్పుడు ముక్తసరిగా మాట్లాడుతున్నారు

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. ప్రశ్న బాగానే ఉంటుంది, చెప్పేవారూ మన మేలు కోరేవారే. అభిప్రాయం అడిగినవారిని కదిపితే ‘నేను కోప్పడలేదు, అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చాను’ అంటారు. ఆ జవాబులే కొంప ముంచుతాయి. ‘సమావేశాల్లో ఎదుటివారి మాటకు అడ్డు వస్తున్నావు’ అని సహోద్యోగి అంటే, ‘ఆ రోజు సమయం తక్కువ, అందుకే’ అంటాం. అది నిజమే కావచ్చు. కానీ అవతలివారికి అది సంజాయిషీగా వినిపిస్తుంది, తన మాట కొట్టేసినట్టు అనిపిస్తుంది. మరోసారి అడిగితే ఆచితూచి చెబుతారు, ఆ తర్వాత ‘బాగుంది’తో సరిపెడతారు. గొడవేమీ జరగలేదు కనుక ఎక్కడ బెడిసిందో మనకు అంతుపట్టదు.

విన్నది రాసుకోండి. ‘ఏ సందర్భంలో అలా అనిపించింది?’ అని మాత్రం అడగండి. కారణం నాలుక చివరన ఉన్నా ఆ రోజుకు ఆపుకోండి. విన్న ప్రతిదీ ఒప్పుకోనక్కర్లేదు, కానీ వారంలోగా ఏదో ఒకటి మార్చుకుని, ఆ మార్పును చెప్పినవారికే చూపించండి. అందరూ వదిలేసేది ఈ పనినే. దయచేసి వదలకండి. తమ మాటకు ఫలితం కనబడితే, తర్వాత అడక్కుండానే చెబుతారు.

సమస్య: అభిప్రాయాలు విన్నాక పని ఇంకా పాడైంది

ఇదీ ఉన్నదే. పరిశోధకులు క్లూగర్, డెనిసి 1996లో, పనిపై అభిప్రాయం చెప్పడం గురించి జరిగిన పాత పరిశోధనలను కలిపి చూస్తే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గింది. దృష్టి పని మీద నుంచి ‘నేనెలాంటి మనిషిని’ అనే దాని మీదకు మళ్లితే ఇలా జరుగుతుందని వారి వివరణ. ‘నీకు నిర్లక్ష్యం’ అని ఎవరైనా అంటే, ఏ పనిలో అలా కనిపించిందో అడిగి, ఆ పనినే సరిచేయండి.

చెప్పేవారికి అసూయ అంటారా? అరుదు. సంబంధం లేని మరొకరిని అడగండి. ఇద్దరూ ఒకటే చెబితే అది అసూయ కాదు.