పుర్రె ఎముక తిరిగి పెట్టాక ఇంట్లో చేయాల్సినవి

బండి మీంచి పడ్డప్పుడు మా ఆయన మెదడు బాగా వాచింది. ఎడమవైపు పుర్రె ఎముక తీసి, పొట్ట చర్మం కింద దాచి, నాలుగు నెలలకి మళ్ళీ అమర్చారు. అన్నాళ్ళూ ఆయన లేచి కూర్చుంటే చాలు, కణత దగ్గర చర్మం చిన్న గిన్నెలా గుంటపడేది, మాట ఇంకా మొద్దుబారేది. ఎముక అడ్డు లేక బయటి గాలి ఒత్తిడి మెదడు మీద పడుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది అన్నారు డాక్టరుగారు. అందుకే ఎముక పెట్టాక కొందరికి మాట, చురుకు తేరుకుంటాయి. దెబ్బకి పోయిన భాగం సంగతి వేరు, దానికి సాధనే దిక్కు.

ఆపరేషన్‌కి ముందే ఫోన్లో వీడియో తీసుకోండి: పేరు చెప్పడం, గుండీ పెట్టుకోవడం, నాలుగడుగులు వేయడం. నెలకోసారి అవే మళ్ళీ తీయండి. రోజూ చూసే కళ్ళకి మార్పు ఆనదు.

సాధన పొద్దున్నే, అలసట రాకముందే చేయించండి. 15 నిమిషాలు చాలు, తర్వాత పడుకోనివ్వండి. టీవీ కట్టేసి, ఒక్కరే మాట్లాడండి. మాది కిరాణా కొట్టు. బొమ్మల కార్డులంటే ఆయనకి విసుగు. అరకిలో కందిపప్పు తూచమంటే మాత్రం చెయ్యి దానంతటదే కాటా వైపు వెళ్ళేది. పేరు గుర్తు రాకపోతే "కం..." అని అందించి ఆగేదాన్ని. ఆ ఆగడమే నాకు కష్టమైంది. మొన్న ఒక పిల్లాడు 187 రూపాయల సరుక్కి 500 నోటిస్తే ఆయన 303 తిరిగిచ్చారు. ఆ పిల్లాడు మెట్లు దిగుతుంటే "ఒరేయ్, ఆగు" అని పిలిచి, ఇంకో పది చేతిలో పెట్టారు. నేను నోరు మెదపలేదు. తప్పు తనకే తట్టింది!

చూడ్డానికొచ్చిన చుట్టాలు "నేనెవర్ని, చెప్పు?" అంటారు. వాళ్ళని గుమ్మం దగ్గరే ఆపండి. ఆ ప్రశ్నకి మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "నేను మీ మేనత్త కొడుకుని" అని వాళ్ళనే చెప్పమనండి.

నిద్రపోతున్నారు కదా అని ఒక రాత్రి ఫిట్స్ మాత్ర వేయలేదు. తెల్లవారుజామునే ఫిట్స్ వచ్చాయి. మీరా పొరపాటు చేయకండి. వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలతో పనిలేదు, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. తొందరగా ఆగినా అదే రోజు డాక్టరుకి చెప్పాలి.

జ్వరం, కుట్లలోంచి నీరో చీమో రావడం, ఆ చోట వాపు, వాంతులు, లేపినా లేవని మత్తు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. నడక తడబడి, తెలియకుండా మూత్రం పోతుంటే నీరసమని సరిపెట్టుకోకండి. మెదడులో నీరు చేరుతోందేమో స్కాన్‌లో చూడాలి.